శ్వేతపత్రం, స్వేదపత్రం, ఇంటిపన్ను రసీదు

2023 డిసెంబర్ 20న తెలంగాణ శాసనసభలో ఆర్థికమంత్రి మల్లు భట్టి విక్రమార్క రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం పెట్టారు. 2014-15లో 72,658 కోట్లుగా వున్న అప్పు 6,71,757 కోట్లకు చేరిందనేది అందులో ముఖ్యమైన మాట. నాలుగు రోజులకు, డిసెంబర్ 24న, కె.టి. రామారావు దానికి జవాబుగా 'స్వేదపత్రం' విడుదల చేశారు. అప్పు అంత లేదు, తెచ్చిన అప్పుతో ఆస్తులు సృష్టించాం అనేది దాని సారాంశం. ఖజానా ఖాళీ అయిందని ఒకరు, కాలేదని ఒకరు. రాష్ట్ర ఖర్చు మీద ఆ తర్వాత జరిగిన చర్చ చాలావరకు ఈ రెండు కాగితాల చుట్టూ తిరిగింది.

ఈ వ్యాసం వాటిని వాడ వైపు నుంచి చదివే ప్రయత్నం. అట్లా చదవడానికి నా దగ్గర మూడో కాగితం ఒకటి వుంది. అది ఇంటిపన్ను రసీదు.

శ్వేతపత్రం మనకు కొత్త కాదు. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం కూడా శ్వేతపత్రాలు తెచ్చింది. ఖజానాలో పైసల్లేవని జనానికి చెప్పింది. ఆ కాలంలోనే కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. నీటి తీరువా మూడు రెట్లకు పోయింది. కరెంటు చార్జీలు పెరిగాయి. సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్లు, అందులోనూ దళిత బహుజన కూలి ఆడవాళ్లు, కొట్లాడి తెచ్చుకున్న మద్యనిషేధం 1995 జనవరి 16న అమల్లోకి వచ్చి 1997లో పోయింది. ఖజానా ఖాళీ అన్న మాట పాలకుల నోట వచ్చినప్పుడు దాని బరువు ముందు ఎవరి మీద పడుతుందో అప్పుడే చూశాం. కాబట్టి శ్వేతపత్రం చేతికొస్తే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న అప్పు ఎంత అని కాదు. కట్టేది ఎవరు, తినేది ఎవరు అని.

రసీదు చెప్పే సంగతి

తిమ్మాజిపేట జడ్చర్ల-నాగర్‌కర్నూల్ రోడ్డు మీది మండల కేంద్రం. 2016 అక్టోబర్ 11 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో వుండేది, ఆ తర్వాత నాగర్‌కర్నూల్ జిల్లాకు వచ్చింది. పాలమూరు వలస అంటే గుర్తొచ్చే పల్లెలు ఈ దిక్కువే. మా అమ్మ ఈ దిక్కున కూలి చేసే నన్ను చదివించింది. ఆమెకు అక్షరం రాదు. కానీ ఆమె రేకుపెట్టెలో ఎన్నో ఏళ్ల ఇంటిపన్ను రసీదులు దారంతో కట్టి వుంటయి. యూనివర్సిటీలో బడ్జెట్ల మీద పని మొదలుపెట్టిన రోజుల్లో, ఇవన్నీ ఎందుకు దాస్తున్నవమ్మా అని అడిగాను. "ఇల్లు మనదని చెప్పెతందుకు ఇంకేమున్నది బిడ్డా మన దగ్గర" అన్నది.

ఈ మాట ప్రభుత్వ ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో నాకు కనపడలేదు. వాడల్లో చాలా ఇండ్లు గ్రామకంఠం జాగాల్లోనో, ఎప్పుడో ఇచ్చిన ఇండ్ల స్థలాల్లోనో వున్నయి. రిజిస్ట్రేషన్ కాగితం వుండదు. కరెంటు మీటరుకైనా, ఇంటి పథకానికైనా, పక్కవానితో గోడ తగాదా వచ్చినా చూపించేది పంచాయతీ రసీదే. ఊళ్లో రెండంతస్తుల ఇల్లు, పట్టా పాసుపుస్తకం వున్నాయన ఒక ఏడు పన్ను కట్టకపోయినా ఆయన ఇల్లు ఆయనదే. వాడలో వున్నామెకు ఆ ధీమా లేదు. అందుకే ఆమె కట్టే పన్ను రుసుం మాత్రమే కాదు, ఉనికికి కట్టే కిరాయి. కుటుంబం పనికి పోయి ఆరు నెలలు ఇంటికి తాళం పడ్డా, ఆ ఆరు నెలల పన్ను తగ్గదు. నల్లా బిల్లు, లైబ్రరీ సెస్సు దానికి తోడు.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. ప్రతి ఏడు మార్చి దగ్గర పడేసరికి వంద శాతం ఇంటిపన్ను వసూలు అనే లక్ష్యం పల్లెల మీదికి వస్తుంది. దీనికి తోడు పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి 1తో ముగిస్తే, ఎన్నికలు 2025 డిసెంబర్ దాకా జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేని చోటికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటు రాదు. అంటే దాదాపు 22 నెలలు పల్లె మీద సర్కారు చేసిన ఆలస్యానికి జరిమానా పల్లే కట్టింది. గ్రాంటు ఆగితే పంచాయతీకి సొంతంగా మిగిలేది ఇంటిపన్ను, నల్లా పైసలు. ఒత్తిడి అక్కడికే వస్తుంది.

ఈ పైసల్లోంచి జీతం తీసుకునేవాళ్లు ఎవరు? మోరీలు తీసే, చెత్త ఎత్తే పంచాయతీ కార్మికులు. ఎక్కువ మంది మనవాళ్లే. 2019లో వాళ్ల జీతం నెలకు 8,500 చేశారు, 2023లో ఇంకో వెయ్యి కలిపారు. అప్పట్లో అది రాష్ట్ర ఖజానా నుంచి నేరుగా వచ్చే జీతం కాదు, పంచాయతీ నిధుల నుంచి ఇవ్వాల్సి వుండేది. పైగా బహుళార్థ కార్మికుడు అనే పేరు పెట్టి ఒకే మనిషి చేత చెత్త ఎత్తించడం, ట్రాక్టరు నడిపించడం, వీధిలైట్లు పెట్టించడం. 2023 జులైలో వాళ్లు సమ్మెకు దిగింది వీటి మీదనే. పంచాయతీకి గ్రాంటు రాకుంటే ముందు ఆగేది వాళ్ల జీతం. అంటే వాడ ఒక చేత్తో పన్ను కడుతుంది, ఇంకో చేత్తో ఊరును ఊడుస్తుంది, ఆ ఊడ్చిన పైసలకు నెలలు నెలలు ఎదురు చూస్తుంది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇది ఇంకా బాహాటంగా జరిగింది. 2020లో ఆస్తిపన్నును అద్దె విలువ నుంచి ఆస్తి విలువకు మార్చారు. 2021 నుంచి చెత్త పన్ను వేశారు. మురికివాడల ఇండ్లను కూడా వదల్లేదు. తరతరాలుగా చెత్త ఎత్తిన కులాలను చెత్తకు పన్ను కట్టమన్నారు. జనం ఒప్పుకోలేదు. 2024లో ప్రభుత్వం మారాక అది రద్దయింది.

ఇంటికి పన్ను, భూమికి బంధు

పల్లెలో ఆస్తి అంటే రెండే: ఇల్లు, భూమి. ఇల్లు వాడలోనూ వుంది. భూమి ఎవరి చేతిలో ఎక్కువ వుందో చెప్పనక్కర్లేదు. మన పన్నుల విధానం ఇంటిని పట్టుకుని భూమిని వదిలేసింది. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్ర జాబితాలో, 46వ అంశం కింద ఇచ్చింది. పెద్ద కమతాల మీద పన్ను వేయవచ్చని 1972లోనే కె.ఎన్. రాజ్ కమిటీ పద్ధతితో సహా చెప్పింది. అమలు చేయడానికి పాలకులు ముందుకు రాలేదు. రెండెకరాల చెల్క మీద బతికే మనిషిని పీడించమని ఎవరూ అనడం లేదు. కానీ యాభై ఎకరాల ఆసామిని కూడా ఆ రెండెకరాల మనిషి చాటున దాచిపెట్టడం న్యాయం కాదు.

వదిలేయడంతో ఆగలేదు. 2018లో రైతుబంధు వచ్చింది. ఎకరానికి పంటకు 4,000, తర్వాత 5,000. ఎకరాలకు పరిమితి లేదు, కౌలుదారుకు లేదు. ఇరవై ఎకరాల పట్టాదారుకు ఏడాదికి రెండు లక్షలు. ఆయన పొలంలో కలుపు తీసే ఆమెకు సున్నా. 2025 జనవరి 26న కొత్త ప్రభుత్వం దాన్ని రైతు భరోసాగా మార్చి, అదే రోజు భూమిలేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టింది. భూమి లేనివాళ్లు వున్నారని సర్కారు గుర్తించడం మంచిదే. అయితే లెక్క చూడండి. భూమికి ఎకరానికి ఏడాదికి 12,000. భూమి లేని కుటుంబానికి, మొత్తం కుటుంబానికి, ఏడాదికి 12,000. ఇంటిల్లిపాది కలిసి ఒక్క ఎకరంతో సమానం. అదీ 2023-24లో ఉపాధి హామీ కింద కనీసం 20 రోజులు పని చేసి వుంటేనే. పట్టాదారు ఎన్ని రోజులు పొలంలో దిగాడని అడిగినవాళ్లు లేరు.

పన్నులు కట్టేవాళ్ల సొమ్ము ఉచితాలకు పోతోందని పేపర్లలో, టీవీల్లో రోజూ వింటాం. ఆ వాక్యంలో కట్టేవాళ్లు ఒకరు, తీసుకునేవాళ్లు ఇంకొకరు. దళితుడు ఎప్పుడూ రెండో దిక్కే. సబ్బు మీద, చెప్పుల మీద, సెల్లు రీచార్జి మీద మనం కట్టే పన్నును ఎవరూ పన్ను అనరు. మందు మీద కూలివాడు కట్టేది ఖజానాకు ఎంత పెద్ద ఆధారమో తెలిసి కూడా ఆయన్ను తాగుబోతు అంటారు తప్ప పన్ను కట్టేవాడు అనరు. 2021లో సర్కారు 2,620 మద్యం దుకాణాల్లో 262 ఎస్సీలకు రిజర్వు చేసింది. దుకాణంలో వాటా గురించి ఆలోచించిన సర్కారుకు, ఆ దుకాణం ముందు నిలబడ్డవాడి జేబులోంచి వచ్చిన పైసలు తిరిగి వాడకు ఎంత చేరుతున్నయో లెక్క తీయాలని తోచలేదు.

లెక్కల పుస్తకంలో మన పేరు

ఖర్చు వైపు మనం గట్టిగానే కొట్లాడాం. కాకి మాధవరావు వంటి విశ్రాంత అధికారులు, దళిత సంఘాలు, వామపక్ష సంఘాలు కలిసి చేసిన ఉద్యమంతో ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చింది. జనాభా నిష్పత్తిలో కేటాయింపు అనేది హక్కు అయింది. ఇది చిన్న విజయం కాదు.

కానీ ఆ హక్కులో సందులు కూడా వున్నయి. విడదీయలేని మౌలిక పనుల ఖర్చులో కొంత భాగాన్ని ఎస్సీల ఖాతాలో చూపించుకునే వీలు ఉమ్మడి రాష్ట్ర చట్టమే ఇచ్చింది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న కర్వెనలో శంకుస్థాపన చేశారు, అంచనా 35,200 కోట్లు. దాని వట్టెం రిజర్వాయరు తిమ్మాజిపేటకు పక్కనున్న బిజినేపల్లి మండలంలోనే. పాలమూరుకు నీళ్లు రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే నీళ్లు పారేది భూమి మీద. భూమి లేనివాడి పేరు మీద ఇట్లాంటి పనుల్లో వాటా రాసుకుంటే, అది ఆయన ఖాతాలో జమా, పక్కవాని పొలంలో పంట.

దళితబంధు కథ ఇంకొకటి. కుటుంబానికి 10 లక్షలు అన్నారు. 2021లో ఎంపిక చేసిన నాలుగు మండలాల్లో మన జిల్లా చారకొండ ఒకటి. 2022-23 బడ్జెట్‌లో 17,700 కోట్లు రాశారు. బడ్జెట్లలో రాసినదానికీ ఖర్చు పెట్టినదానికీ పొంతన లేదని తర్వాత శ్వేతపత్రమే చెప్పింది. అటు కాంగ్రెస్ 2023 ఆగస్టులో చేవెళ్లలో అంబేద్కర్ అభయహస్తం పేరుతో 12 లక్షలు ప్రకటించింది. పది లక్షల మాట మీద పన్నెండు లక్షల మాట. వేలంపాటలో అంకె పెరిగింది తప్ప వాడలో లెక్క మారలేదు. 2024 చివర ప్రభుత్వం చేయించిన కులసర్వేలో ఎస్సీల జనాభా 17.43 శాతం అని తేలింది. కేటాయింపులకు ఆధారమైన 2011 జనాభా లెక్కల్లో వున్నది 15.45. సర్వేను సొంత ఘనతగా చెప్పుకునే సర్కారు ఆ రెండు శాతం తేడాను ఏ పద్దులో చూపిస్తుందో అడగాలి.

మనం చూడని వైపు

ఇక్కడ మనల్ని మనమే విమర్శించుకోవాలి. మన ఉద్యమం ఖర్చు పద్దు మీద కూర్చుంది, వసూలు పద్దును తెరవలేదు. 'మాకు వాటా ఇవ్వండి' అని అడిగినప్పుడల్లా, ఇచ్చేవాడు వేరే వున్నాడని ఒప్పుకున్నట్టు అయింది. శ్వేతపత్రం పెట్టిన ఆర్థికమంత్రి దళితుడు. నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. మనుషులు వచ్చారు గాని లెక్కలు రాసే పద్ధతి పాతదే.

బాబాసాహెబ్ ఈ పద్దును తెరిచాడు. 1925లో అచ్చయిన ఆయన పరిశోధన బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీదనే. 1927లో బొంబాయి శాసనమండలిలోకి పోయాక బడ్జెట్ మీద మాట్లాడుతూ, చిన్న రైతును కూడా వదలని భూమిశిస్తు అన్యాయాన్ని ఎత్తిచూపాడు. 1932లో గ్రామ పంచాయతీల బిల్లును వ్యతిరేకించాడు. ఊరికి అధికారం అంటే ఊరి పెద్దకులాలకు అధికారం అని ఆయనకు తెలుసు. పంచాయతీలు సొంత రాబడి పెంచుకోవాలని ఇవాళ చెప్పే నిపుణులు ఈ సంగతి మరిచిపోతారు. పన్ను వేసే అధికారం ఊరికి ఇస్తున్నప్పుడు, ఆ ఊళ్లో వాడ ఎక్కడుందో కూడా చూడాలి.

వాడ కట్టే ఇంటిపన్ను ఖజానాలో ఎంత, దాని మీద ఇంత చర్చ ఎందుకు అని ఒక మిత్రుడు అడిగాడు. ఖజానాలో అది ఎంతో చిన్నదే. కూలి ఇంట్లో అది చిన్నది కాదు. పైగా పన్ను కట్టినవానికి లెక్క అడిగే హక్కు వుంటుంది. ఆ హక్కు కోసమే ఇంటిపన్ను రద్దు చేయమని నేను అనను. ఇంటి వైశాల్యాన్ని, ఆస్తిని బట్టి మెట్లు మెట్లుగా వుండాలి. రెండు గదుల ఇంటికి నామమాత్రం చాలు. తెలంగాణ పురపాలక చట్టం 2019లో 75 గజాల లోపు ఇండ్లకు ఏడాదికి 100 రూపాయలు పెట్టింది. పట్టణంలో సాధ్యమైనది పల్లెలో ఎందుకు కాదు? పంచాయతీ కార్మికుల జీతం రాష్ట్ర ఖజానా నుంచి నేరుగా రావాలి. ప్రతి పంచాయతీ గ్రామసభలో వాడ నుంచి ఎంత వసూలైంది, వాడలో ఎంత ఖర్చయింది అనే రెండు అంకెలు పక్కపక్కన చదివి వినిపించాలి. రాష్ట్రం పెట్టే శ్వేతపత్రంలో కూడా ఆ రెండు వరసలు వుండాలి.

విద్యార్థులు ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు. మీ ఊరి వాడలో నాలుగు ఇండ్ల రసీదులు, పంచాయతీ జమాఖర్చుల పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి. 2025 డిసెంబర్‌లో గెలిచిన దళిత సర్పంచులు, వార్డు మెంబర్లు ఆ పుస్తకాన్ని మనకు చూపించగలరు. చూపించమని అడగాల్సింది మనం. 'స్వేదపత్రం' అని పేరు పెట్టుకున్నవాళ్లు ఎవరి చెమట అని చెప్పలేదు. ఆ చెమట ఎవరిదో మా అమ్మ పెట్టెలోని రసీదుల మీద పేరుతో సహా రాసి వుంది.