నిశ్శబ్దపు తెర చెప్పని లెక్కలు

పెద్ద ఆఫీసుల్లోనూ, హోటళ్ళలోనూ కిటికీలకు గుడ్డ కర్టెన్ల బదులు చుట్టుకుపోయే తెరలు మీరు చూసే ఉంటారు. వాటిని రోలర్ బ్లైండ్లు అంటారు. మీట నొక్కితే చాలు, పైన గొట్టంలో దాగి ఉన్న చిన్న మోటారు తెరను చుట్టేస్తుంది, లేదా దింపుతుంది. ఈ మోటారు తెరల గురించిన ప్రకటనల్లో రెండు మాటలు సాధారణంగా కనిపిస్తాయి: చప్పుడు ఉండదు, కరెంటు ఆదా అవుతుంది. రెండూ కోరదగినవే. కాని ఒక్క గుక్కలో చెప్పేయగలిగినంత తేలిక విషయాలు కావు. ఒకదాన్ని సాధించబోతే రెండోది చేజారే సందర్భాలున్నాయి. అదెలాగో చూద్దాం.

అసలు ఈ మోటారుకు వేగ నియంత్రణ ఎందుకు? తెర పూర్తిగా దిగి ఉన్నప్పుడు గుడ్డ బరువు, అడుగున ఉండే కడ్డీ బరువు మొత్తం గొట్టానికి వేలాడుతుంటాయి. పైకి చుట్టుకునే కొద్దీ వేలాడే గుడ్డ తగ్గుతుంది, మోటారు మీద భారమూ తగ్గుతుంది. ఒకే వోల్టేజి ఇస్తూ పోతే మోటారు మొదట నెమ్మదిగా, చివర్లో వేగంగా తిరుగుతుంది. పైగా చుట్టుకున్న గుడ్డతో గొట్టం లావెక్కుతుంది కాబట్టి ఒక్కొక్క చుట్టుకు లేచే గుడ్డ కూడా పెరుగుతుంది. పక్కపక్కన ఉన్న వేర్వేరు కొలతల తెరలు రెండు కలిసి బయలుదేరి ఎగుడుదిగుడుగా పోతుంటే చూడడానికి బాగుండదు కదా!

వేగం తగ్గించడానికి పాత పద్ధతి నిరోధాన్ని అడ్డం పెట్టడం. 12 వోల్టుల సరఫరా నుంచి మోటారుకు 6 వోల్టులే కావాలి, 1 ఆంపియరు ప్రవహిస్తోంది అనుకోండి. మిగిలిన 6 వోల్టులు నిరోధం మీద పడతాయి. 6 వాట్లు వేడిగా పోతాయి, మోటారుకు అందేది మరో 6 వాట్లు. సగానికి సగం దండగ! ఇప్పటి పద్ధతి వేరు. ట్రాన్సిస్టరును స్విచ్చిలా వాడి సరఫరాను సెకనుకు వేల సార్లు ఇచ్చి ఆపుతారు. సగం కాలం ఇచ్చి సగం కాలం ఆపితే సగటున 6 వోల్టులు. స్విచ్చి మూసి ఉన్నప్పుడు దాని మీద వోల్టేజి దాదాపు ఉండదు, తెరిచి ఉన్నప్పుడు ప్రవాహం ఉండదు. కాబట్టి నష్టం చాలా తక్కువ. దీన్ని పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు. ఇంతవరకు కరెంటు ఆదా అన్నది నిజమే.

చిక్కు 'వేల సార్లు' అన్నచోట వస్తుంది. సెకనుకు 2,000 సార్లు ఇచ్చి ఆపితే తీగచుట్టల మీద బలం కూడా అన్నిసార్లు పెరిగి తగ్గుతుంది. మోటారు అదే పౌనఃపున్యంతో పాడుతుంది. మన చెవి బాగా చురుగ్గా వినగలిగేది కూడా సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జుల మధ్యనే. అందుకని పౌనఃపున్యాన్ని 20,000 హెర్ట్జులకు పైకి తీసుకుపోతారు. మనిషి చెవికి అది హద్దు. కొందరు 16,000 దగ్గరే ఆగుతారు. అక్కడ తాతగారికి నిశ్శబ్దంగా ఉన్న తెర మీకు కీచుమనవచ్చు, ఎందుకంటే వయసుతోపాటు పై పౌనఃపున్యాలు వినిపించడం తగ్గిపోతుంది. ఇక స్విచ్చి తెరుచుకునే, మూసుకునే క్షణాల్లో మాత్రం వోల్టేజి, ప్రవాహం రెండూ ఉంటాయి. ఆ క్షణాల నష్టం పౌనఃపున్యంతోపాటు పెరుగుతుంది: 2,000 నుంచి 20,000కు పోతే పది రెట్లు. చిన్న మోటారులో అది పెద్ద మొత్తం కాకపోవచ్చు కాని, నిశ్శబ్దం ఊరికే రాలేదు.

ఎలక్ట్రానిక్స్ పాడటం మానినంత మాత్రాన చప్పుడు పోతుందా? మోటారు నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది, గొట్టం తిరగవలసింది 20, 30 సార్లే. మధ్యలో గేర్లు ఉండాలి. మరమేకు లాంటి ఇరుసు పళ్ళచక్రాన్ని తిప్పే వర్మ్ గేరులో పళ్ళు కొట్టుకోవు, ఒరుసుకుంటూ జారుతాయి. చప్పుడు తక్కువ. తెర బరువుకు వెనక్కి తిరగకుండా కూడా చేయవచ్చు. కాని ఆ ఒరిపిడి అంతా వేడే. అలా వెనక్కి తిరగని వర్మ్ గేరు దక్షత 50 శాతానికి లోపే ఉంటుంది. సూర్యుడి చుట్టూ గ్రహాల్లా చిన్న చక్రాలు తిరిగే ప్లానెటరీ గేర్ల దక్షత ఎక్కువ. చప్పుడూ ఎక్కువ, తెర జారకుండా వేరే బ్రేకు కూడా కావాలి. ఏ గేరు వాడారో ఒక్క మాట రాస్తే కొనేవాడికి సగం సంగతి తెలుస్తుంది. అది రాయకుండా 'నిశ్శబ్దం' అని పెద్ద అక్షరాల్లో వేయడం నాకు నచ్చదు.

డెసిబెల్ అంకె వేస్తారుగా అంటారేమో. ఎంత దూరం నుంచి కొలిచారో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఆరుబయట దూరం రెట్టింపయితే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అదీగాక మోటారును బల్ల మీద పెట్టి కొలవడం వేరు, గొట్టంలో బిగించి గోడకు తగిలించాక కొలవడం వేరు. వీణ తీగ మోగించే నాదాన్ని కుండ పెద్దది చేసినట్లు, ఇక్కడ అల్యూమినియం గొట్టం, గోడ కలిసి చిన్న కంపనాన్ని గదంతా వినిపిస్తాయి. మధ్యలో పెట్టిన రబ్బరు ముక్క ఒక్కోసారి ఖరీదయిన సర్క్యూట్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఇప్పుడు ఆదా లెక్క వేద్దాం. పెన్సిలు తీసుకోండి. మోటారు 24 వాట్లది, తెర ఎక్కడానికి 20 సెకన్లు, దిగడానికి 20 సెకన్లు, రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతుంది అనుకుందాం. మొత్తం 80 సెకన్లు. 24ను 80తో గుణిస్తే 1,920 జౌళ్ళు, అంటే సుమారు 0.53 వాట్-గంటలు. తెరను మీరు ముట్టుకోనప్పుడు కూడా రిమోటు సంకేతం కోసం లోపలి రిసీవరు మేలుకునే ఉంటుంది. అది అర వాటు తీసుకుంటే 24 గంటలకు 12 వాట్-గంటలు. పని చేసే మోటారు కన్నా ఊరికే కూర్చున్న రిసీవరు 22 రెట్లు ఎక్కువ తింటోంది! మోటారు ఖర్చును నాలుగో వంతు తగ్గించినా మిగిలేది రోజుకు 0.13 వాట్-గంటలే. ప్రకటన గొప్పగా చెప్పుకునేది ఈ 0.13 గురించి.

బ్యాటరీతో నడిచే తెరలు చేసేవారికి ఈ లెక్క బాగా తెలుసు. 30 వాట్-గంటల బ్యాటరీని మోటారు ఒక్కటే వాడుకుంటే 50 రోజులకు పైగా వస్తుంది. అర వాటు రిసీవరును కలిపితే రెండున్నర రోజులు కూడా రాదు. అందుకే వాళ్ళు రిసీవరును నిద్రపుచ్చి, సెకనులో చిన్న భాగం మాత్రమే లేపి, పిలుపు ఉందేమో చూసి మళ్ళీ పడుకోబెడతారు. మీట నొక్కాక కాస్త ఆలస్యంగా తెర కదిలితే కారణం ఇదే కావచ్చు. ఆ ఆలస్యాన్ని తప్పు పట్టకండి. గోడ ప్లగ్గుకు తగిలించే తెరల్లో మాత్రం అంత జాగ్రత్త పడవలసిన అవసరం తయారీదారుకు లేదు. కరెంటు బిల్లు కట్టేది అతను కాదు కదా!

ఈ సంగతి యూరప్ గమనించింది. పరికరాలు ఊరికే ఉన్నప్పుడు వాడే విద్యుత్తు మీద యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన నిబంధన 2025 మే 9 నుంచి అమలులోకి వచ్చింది. అందులో మోటారుతో నడిచే కిటికీ తెరలను, షట్టర్లను కూడా చేర్చారు. మామూలు స్టాండ్‌బైకి విధించిన హద్దు అర వాటు. నెట్‌వర్కుకు కలిపి ఉంచే వాటికి అంతకన్నా ఎక్కువే అనుమతించారు. మనం పైన లెక్కకు తీసుకున్నది ఆ అర వాటే. అంటే నిబంధన తు.చ. తప్పకుండా పాటించిన తెరలో కూడా ఆ 22 రెట్లు అలాగే ఉంటాయి.