స్వీటీ బరువు ఎవరికి భారం?

2015 నవంబరులో 'సైజ్ జీరో' వచ్చినప్పుడు అందరం అనుష్క సాహసం కోసం చూశాం. పాత్ర కోసం నిజంగానే ఒళ్లు పెంచుకోవడమంటే మాటలా మరి! ప్రకాష్ కోవెలమూడి తీసిన ఆ సినిమాని మొన్న మళ్లీ చూస్తే, నాకు ఆవిడ ఒళ్లు కంటే ఊర్వశి మాటలే గుర్తుండిపోయాయి.

ఊర్వశి స్వీటీ తల్లి. పిల్ల సన్నబడాలి, పెళ్లి కుదరాలి, అదొక్కటే గోల. ఏమాటకామాటే, కడుపుబ్బ నవ్వించింది. నవ్వించింది కనకే మనం ఆవిణ్ణి ఏమీ అనలేదు. దర్శకుడూ అనలేదు. నేరమంతా ప్రకాష్‌రాజ్ నడిపే క్లినిక్కు మీదికి నెట్టేశాడు. ఆ క్లినిక్కుని నమ్మిన జ్యోతి ఆస్పత్రి పాలవడంతో, కథ కాస్తా మోసగాడి మీద ఉద్యమమై కూర్చుంది. తారలు వరసగా వచ్చి మంచి మాటలు చెప్పి వెళ్లారు. అసలా పిల్లలకి ఆ గుమ్మం తొక్కాలని ఎందుకనిపించింది? అక్కడ మాత్రం సినిమా తల తిప్పుకుంది.

ఇప్పుడు ఆ దొంగ క్లినిక్కుతో పనిలేదు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. వారానికో ఇంజెక్షన్. ఆకలి మందగిస్తుంది, తిన్నది కడుపులో నెమ్మదిగా కదులుతుంది. వికారాలూ, వాంతులూ కొందరికి తప్పవు. అయినా ఇవి సత్యానంద్ సరుకు కావు, పరీక్షలకు నిలిచినవి. వెగోవీలోని మందు వాడినవారు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా తగ్గారు. మానేసిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు మళ్లీ వచ్చి చేరింది. ఇది సినిమాలో లేని మలుపు!

సినిమా భయం ఉత్తది కాదులెండి. సిబుట్రమిన్ డాక్టర్లు రాసిచ్చిన మందే. గుండెకు ముప్పని 2010లో అమెరికాలో వెనక్కి తీసుకున్నారు, 2011లో మన దేశంలో నిషేధించారు. కాని 'ఉన్నదున్నట్టు నిన్ను నువ్వు ప్రేమించుకో' అన్న ఒక్క మాటతో సరిపెట్టడం, షుగరుతో, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని ఇల్లాలికి అన్యాయం. ఆవిడకి డాక్టరు సూది రాస్తే అది సోకు కాదు, వైద్యం. ఆ ఇల్లాలు ఈ సినిమాలో ఎక్కడా లేదు. ఉన్నదంతా పెళ్లిచూపుల లావే.

మా నరసరావుపేటలో పక్కింటి వదినగారు ఈమధ్య అడిగారు: "ఏమమ్మా, ఆ సూదేదో మా పిల్లకి వేయిస్తే మాఘమాసానికి తగ్గుతుందంటావా?" పిల్లకి షుగరు లేదు, బీపీ లేదు. కాస్త బొద్దుగా ఉంటుంది, అంతే. ఈ మందులు బీఎంఐ 30 దాటినవారికి, లేదా 27 దాటి బరువువల్ల వచ్చే జబ్బేదైనా ఉన్నవారికి. డాక్టరు చీటీ లేకుండా కొనేవీ కావు. "పైగా, వదినా, గర్భం అనుకుంటే వెగోవీని కనీసం రెండు నెలల ముందే ఆపాలి" అన్నాను. మన ఇళ్లలో పెళ్లయిన రెండో నెలకే 'ఏమైనా విశేషమా' అని ఆరా మొదలవుతుంది కదా! ఆ సంగతి వదినగారికి తోచలేదు.

సినిమాకీ తోచలేదు. స్వీటీకి మనసైనవాడు దొరికాడు, శుభం కార్డు పడింది. ఊర్వశి కూడా నవ్వుతూనే ఉంది.