ఓర్చుకునే వంట

వానాకాలం వరి కోతలు అయిపోయి వడ్లు కాంటా ఎక్కాక, మా పాలమూరు దిక్కు చర్చిల్లో కోత పండుగ వస్తుంది. తేదీ ఊరిని బట్టి, పంటను బట్టి మారుతుంది. ఎవరికి పండింది వాళ్లు తెస్తారు. వడ్ల మూట, పల్లికాయ, గుమ్మడికాయ, సొరకాయ, గంపెడు గుడ్లు, కాళ్లు కట్టిన కోడిపుంజు అన్నీ వేదిక ముందు చేరుతాయి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయ బజారు ధరకు ఎన్నో రెట్లు పలికినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఇదంతా చర్చిలో జరిగేది. పండుగలో సగం ఇంట్లో ఉంటుంది: ప్రార్థన పెట్టించుకుని, చుట్టాలనూ ఇరుగుపొరుగునూ పిలిచి అన్నం పెట్టే కృతజ్ఞత భోజనం. ఈ వారం ఆ భోజనం వండే పని గురించి రాస్తున్నాను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఈ పండుగ వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1899లో అమెరికా నుంచి మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు నిజాం రాజ్యానికి వచ్చారు. తర్వాతి దశాబ్దాల్లో ఈ మూడు ఊళ్లూ వాళ్ల మిషన్ కేంద్రాలయ్యాయి. ఆ వచ్చినవాళ్లలో చాలామంది రైతు కుటుంబాల బిడ్డలు. వాళ్ల పెద్దలు 1870లలో రష్యా నుంచి అమెరికాకు వలసపోయి గోధుమ పండించి బతికినవాళ్లు. ఇక్కడ వాళ్ల మాట విన్నవాళ్లలో ఎక్కువమంది దళితులు, కూలీలు, దొరల దగ్గర జీతమున్నవాళ్లు. సొంత చెలక లేనివాళ్లు కూలికి వచ్చిన గింజల్లోంచే కొంత తీసి కోత పండుగకు తెచ్చేవాళ్లని మా ఇంటి పెద్దలు చెప్పేవాళ్లు. పరాయి పొలంలో కోసిన పంటకు కూడా దేవునికి కృతజ్ఞత చెప్పుకున్న ఆ మనుషులను తలచుకున్నప్పుడల్లా నాకు గుండె నిండుతుంది. తెలుగు చర్చిల్లో ఆడవాళ్లు పాటించే పిడికెడు బియ్యం ఆచారంలోనూ ఆ గుణమే ఉంది. పూటపూటా అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తారు. డబ్బా నిండాక అది చర్చికి పోతుంది. ఇంట్లో బియ్యం తక్కువున్న రోజు కూడా పిడికెడు తీయాల్సిందే.

ఇక వంట సంగతి. మా ఇంట్లో ఈ భోజనానికి ఏం వండాలన్నది అమ్మ నిర్ణయం. బగారన్నం, మటన్ కూర, జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, బెల్లం పాయసం. ఏళ్ల తరబడి ఇదే వరస. చిన్నప్పుడు బిర్యానీ ఎందుకు చెయ్యరని అడిగేదాన్ని. వంట నా చేతికొచ్చాక ఆ వరసలోని తెలివి అర్థమైంది. అవన్నీ ఓర్చుకునే వంటలు. ఏదైనా అటూఇటూ అయితే చక్కదిద్దుకునే చోటు వాటిలో ఉంటుంది. దమ్ బిర్యానీకి మూతచుట్టూ పిండి అంటించాక లోపల ఏం జరుగుతున్నదో కనపడదు, తెలిసేసరికి చెయ్యడానికి ఏమీ మిగలదు. ఇంటి పొయ్యి మీద, ఇంటి గిన్నెల్లో, ఇంటి మనుషులే వండి ఊరందరికీ పెట్టాలనుకున్నప్పుడు అవాంతరాలు రాకుండా ఉండవు. అందుకే వాటిని తట్టుకునే వంటలనే పెద్దవాళ్లు ఏరి పెట్టారు.

పోయినసారి మా ఇంట్లో బగారకు ఉల్లిగడ్డలు ఎర్రగా వేగుతున్న సమయానికి గ్యాస్ అయిపోయింది. రెండో సిలిండర్ ఇంకా రాలేదు. మసాలా నూరుతుండగా కరెంటు పోయింది. మిక్సీలో పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి సగం పలుకుగా ఆగిపోయాయి. బయట వాకిట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించాం. పత్తి కట్టె తొందరగా అంటుకుంటుంది, అంతే తొందరగా ఆరిపోతుంది. గద్వాల పల్లెల్లో పత్తి ఏరాక చేలో మిగిలే ఆ కట్టె రొట్టెలకు సరిపోతుంది. పెంక చప్పున వేడెక్కాలి, రొట్టె చప్పున కాలాలి. మటన్‌కు మాత్రం నిలకడగా కాలే తుమ్మ కట్టె కావాలి. ఆ కట్టె పక్కింటి నుంచి వచ్చింది. కట్టెలతోపాటు పక్కింటి పెద్దమ్మ కూడా వచ్చింది. "మసాలా నాకియ్యిండ్రి, రోట్లె నూరుత" అని చీర కొంగు నడుముకు చుట్టి కూర్చుంది. భోజనానికి పిలిచిన మనిషి వంట మనిషై నిలబడింది. రోట్లో నూరిన మసాలాకు నూనె బయటికి వచ్చి కూర చిక్కబడింది.

కోత పండుగకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది: కొత్త బియ్యం. అప్పుడే పండిన పంట వండుకోవాలన్న కోరిక సహజమే. కానీ కొత్త బియ్యానికి పాత బియ్యమంత నీళ్లు పట్టవు. పాత కొలతతో పోస్తే బగారన్నం ముద్దవుతుంది. దానికి పెద్దవాళ్ల పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. కొత్త బియ్యం పాయసానికి, పాత బియ్యం బగారకు. మెత్తగా, జిగటగా ఉడకడం పాయసానికి అందం. ఒకవేళ అన్నం మెత్తబడితే గంటె పెట్టి కలపకుండా వెడల్పు తాంబాళంలో పరిచి ఆవిరి పోనియ్యాలి. అడుగంటితే మంట తీసేసి, పైఅన్నం మాత్రం మరో గిన్నెలోకి మెల్లగా తీసుకోవాలి. అడుగు గీకితే మాడు వాసన గిన్నెంతా పాకుతుంది.

పాయసంలో బెల్లం ఎప్పుడు వెయ్యాలన్నది ఇంకో సంగతి. మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది. గిన్నె దించి, వేడి కొంచెం తగ్గాక, కరిగించి వడకట్టిన బెల్లం పానకం కలపాలి. తొందరలో ఎవరో ముందే వేసి పాలు విరిగినా, ఆ విరుగు పారెయ్యరు. బెల్లంతో పాటు దగ్గరపడేదాకా కలిపితే పిల్లలు ఎగబడి తినే కోవా అవుతుంది.

చేతులు ఎక్కువైనచోట ఉప్పు ఎక్కువవుతుంది. "వదినె, కూరల ఉప్పేసినవా?" అని ఒకరు అడిగేలోపే ఇంకొకరు వేసి ఉంటారు. మటన్ కూరలో ఉప్పు మీరితే కాగిన నీళ్లు పోసి, ఉప్పు కలపని పల్లీ నువ్వుల ముద్ద, కొంచెం చింతపండు రసం చేర్చి మళ్లీ మరగనిస్తారు. కూర కొంచెం పలచనవుతుంది. జొన్న రొట్టె తుంచి నంజుకునేవాళ్లకు అదే ఇష్టం. నేను నేర్చుకున్న నియమం ఒకటే: వంటింట్లో ఎంతమంది ఉన్నా ఉప్పు డబ్బా ఒక్కరి చేతిలోనే ఉండాలి.

పిలిచినవాళ్లకంటే ఎక్కువమంది వస్తే పచ్చిపులుసు ఆదుకుంటుంది. దానికి పొయ్యి అవసరమే దాదాపు లేదు. నానబెట్టిన చింతపండు పిసికి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిరపకాయ, నువ్వుల పొడి, చిటికెడు బెల్లం కలిపి పోపు పెడితే అయిపోతుంది. గ్యాస్ లేకున్నా, కరెంటు లేకున్నా, చుట్టం చుట్టాన్ని వెంటబెట్టుకొచ్చినా కుండ నిండుతుంది. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం తొలి పంటను గంపలో పెట్టి తెమ్మంటుంది, ఆ సంతోషంలో మన మధ్య ఉన్న పరదేశిని కూడా కలుపుకొమ్మంటుంది. పిలవకుండా వచ్చినవాళ్లకు చాలేట్టు వండడం ఈ భోజనంలో మర్యాద మాత్రమే కాదు, అసలు ధర్మం.

ప్రపంచానికి బాగా తెలిసిన కృతజ్ఞత భోజనం అమెరికావాళ్ల థ్యాంక్స్‌గివింగ్ పండుగది. 1621లో ప్లిమత్‌లో వలసవచ్చినవాళ్లు కోతల తర్వాత మూడు రోజులు జరుపుకున్న విందుకు అక్కడి వాంపనోగ్ తెగవాళ్లు దాదాపు 90 మంది వచ్చారు. వచ్చినవాళ్లే ఐదు జింకలను వేటాడి తెచ్చి విందులో కలిపారు. అక్కడా అతిథుల చెయ్యి పడ్డాకే భోజనం నిండింది. అదే నేల మీద తర్వాత ఆ తెగలు తమ భూములు పోగొట్టుకున్నాయన్నదీ మరువకూడని నిజం. 1863లో అధ్యక్షుడు లింకన్ ఆ పండుగను దేశమంతటికీ ప్రకటించాడు, 1941లో చట్టం నవంబర్ నాలుగో గురువారాన్ని ఖాయం చేసింది. ఇప్పుడు డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ మన పిల్లలు ఆ రోజు టర్కీ కోడిని ఓవెన్‌లో పెట్టి, పక్కన బగారన్నం వండుకుంటున్నారు. టర్కీ ఓర్చుకునే వంట కాదు. గడ్డకట్టిన కోడి ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి రెండు కిలోలకు దాదాపు ఒక రోజు పడుతుంది. లోపలి మాంసం 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితేనే తినడానికి భద్రం. బయట ఎర్రగా కాలి లోపల పచ్చిగా మిగిలిన కోడితో కంగారుపడే ఇళ్లు ఎన్నో ఉంటాయి గనుకే, టర్కీ అమ్మే బటర్‌బాల్ కంపెనీ 1981లో ఫోన్ చేస్తే సలహా చెప్పే ఏర్పాటు చేసింది. అది నేటికీ నడుస్తోంది. పండుగనాటి వంట ఎవరికీ ఒంటిచేత్తో అయ్యేది కాదని ఆ ఫోన్ లైన్ చెప్తోంది. మనకు గోడవతలి పెద్దమ్మ ఉంది.

మొక్కు తీరినందుకు భోజనం పెట్టడం మా జిల్లాల్లో ఒక్క మతానికి పరిమితం కాదు. కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ దర్గాకు పోయి హిందువులూ ముస్లింలూ కందూరు చేస్తారు. మేకను కోసి, అక్కడే వండి, ఫాతిహా చదివించి, చుట్టూ ఉన్నవాళ్లకు పెడతారు. ఆరుబయట, గాలికి ఊగే మంట మీద వండేటప్పుడు కట్టె చాలకపోవడం, గంటె మరిచిపోవడం మామూలే. పక్క పొయ్యివాళ్లను అడిగి తెచ్చుకుంటారు, వాళ్లకు కావలసింది వీళ్లిస్తారు.

ఈ అవాంతరాలను నేను భోజనానికి పట్టిన పీడగా చూడను. కృతజ్ఞత అంటే మనకు అందినదాన్ని ఒప్పుకోవడం. వాన, జూరాల ప్రాజెక్టు నీళ్లు, కూలీల చెమట, విత్తనం అన్నీ ఇతరుల నుంచి అందినవే. అన్నీ సజావుగా సాగిన రోజు ఆ మాట నోటితో మాత్రమే చెప్తాం. గ్యాస్ అయిపోయి పక్కింటి కట్టె మీద అన్నం ఉడికిన రోజు దాన్ని చేతులతో నేర్చుకుంటాం. కేటరింగ్‌కు ఇస్తే భోజనం టైముకు వస్తుంది, ఉప్పు సరిపోతుంది. రుచి బాగానే ఉంటుంది గానీ, ఎవరి సాయమూ అవసరం పడదు. అవసరం పడకపోవడమే నాకు అందులో లోటుగా కనిపిస్తుంది. పెళ్లికి, పెద్ద సభకు కేటరింగ్ న్యాయమే. కృతజ్ఞత భోజనం మాత్రం ఇంట్లో వండవలసినదే అని నా గట్టి అభిప్రాయం.

ఒక్క విషయం నాకు చాలాకాలంగా బాధగా ఉంది. ఇంట్లో పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తూ పంటను, పిల్లల చదువును, ఉద్యోగాలను పేరుపేరునా తలచుకుంటారు. ఆ సమయంలో వండిన ఆడవాళ్లు పొయ్యి దగ్గరే ఉంటారు. తమ కోసం చెప్పిన ప్రార్థన వాళ్లకు వినపడదు. వడ్డించేదీ వాళ్లే, ఆఖరున తినేదీ వాళ్లే, అప్పటికి మిగిలేది గిన్నె అడుగు. ఓర్చుకోవలసింది వంట, వండేవాళ్లు కాదు.

ఈ ఏడు మీ ఇంట్లో కోత పండుగ భోజనం పెట్టుకుంటే ఈ పనులు చెయ్యండి. చక్కదిద్దుకునే వీలున్న వంటలే ఎంచుకోండి. పక్కింటివాళ్లను తినే వేళకు కాక వండే వేళకే పిలవండి. కట్టెలు కొట్టడం, రొట్టెలకు పిండి పిసకడం, వడ్డించడం ఇంటి మగవాళ్లకు అప్పగించండి. పొయ్యి ఆర్పి, వండినవాళ్లంతా వచ్చి కూర్చున్నాకే ప్రార్థన మొదలుపెట్టండి, మొదటి విస్తరి వాళ్లకే వెయ్యండి.