పరిమితి పెంచే ముందు

సర్వర్ లాగ్‌లో ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అన్న ఎర్రర్ పడగానే చాలాచోట్ల జరిగేది ఒక్కటే: అంకె పెంచుతారు, సర్వీస్ రీస్టార్ట్ చేస్తారు, టికెట్ మూసేస్తారు. పెంచడం తప్పని నేననను. లైనక్స్‌లో ఒక ప్రాసెస్‌కు మామూలుగా దక్కే సాఫ్ట్ లిమిట్ 1024. నెట్‌వర్క్ కనెక్షన్ కూడా ఆ లెక్కలో తెరిచిన ఫైలే. ప్రాక్సీగా పనిచేసే ఎన్‌జిన్‌ఎక్స్‌కు వచ్చినవారి వైపు ఒకటి, వెనకున్న అప్లికేషన్ వైపు ఒకటి కావాలి. అంటే ఐదొందల మందితోనే ఆ ప్రాసెస్ కోటా నిండిపోతుంది. రద్దీ సర్వీసుకు అది చాలదు. కానీ ఎందుకు నిండిందో చూడకుండా, పెంచితే బరువు ఎవరి మీద పడుతుందో తేల్చుకోకుండా పెంచడం మాత్రం తప్పే.

ఎందుకు నిండిందో చూడటం కష్టమేమీ కాదు. ప్రోక్ డైరెక్టరీ కింద ఆ ప్రాసెస్ నంబరులో ‘లిమిట్స్’ ఫైలు చదివితే నిజంగా అమల్లో ఉన్న పరిమితి తెలుస్తుంది. పక్కనే ‘ఎఫ్‌డీ’లో ఉన్నవి లెక్కపెడితే ఇప్పుడెన్ని తెరిచి ఉన్నాయో తెలుస్తుంది. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు: లిమిట్స్ డాట్ కాన్ఫ్‌లో మార్చిన అంకె లాగిన్ సెషన్లకే, సిస్టమ్‌డీ నడిపే సర్వీసుకు యూనిట్ ఫైల్లో ‘లిమిట్‌నోఫైల్’ రాయాలి. లెక్క రద్దీతో పెరిగి రద్దీతో తగ్గితే పరిమితి చిన్నదని అర్థం. జనం వెళ్లిపోయినా తగ్గకపోతే ప్రోగ్రాం ఎక్కడో కనెక్షన్లు మూయడం లేదు. అప్పుడు అంకె పెంచితే లీకేజీ ఆగదు, కూలే రోజు వాయిదా పడుతుందంతే.

ఇక రెండో ప్రశ్న, పెంచితే బరువు ఎక్కడ పడుతుందన్నది. కెనడాలోని విన్నిపెగ్ వాసులకు అది కొత్త కాదు. 1950 వరద తర్వాత మానిటోబా ప్రీమియర్ డఫ్ రాబ్లిన్ పట్టుబట్టి తవ్వించిన 47 కిలోమీటర్ల రెడ్ రివర్ ఫ్లడ్‌వే 1968లో పూర్తయింది. సెకనుకు 1,700 ఘనపు మీటర్ల నీటికని కట్టిన ఆ కాలువకు 1997 వరద గట్టి పరీక్షే పెట్టింది. తర్వాత దాన్ని 4,000కు పెంచాలంటే కాలువను వెడల్పు చేయాల్సి వచ్చింది, వంతెనలు మార్చాల్సి వచ్చింది, నీరు మళ్లీ నదిలో కలిసే చోటును విస్తరించాల్సి వచ్చింది. సర్వర్‌లో ఒక్క లైనుతో పని అయిపోతుంది కాబట్టి ఈ వెనకపని గుర్తురాదు. ముందు వైపు కనెక్షన్లు పదింతలైనా వెనకున్న డేటాబేస్ పూల్, మెమరీ పదింతలు కావు.

మెమరీ చవకే కదా, ‘అన్‌లిమిటెడ్’ పెట్టేస్తే పోదా అంటారు. పోదు. కొన్ని పాత ప్రోగ్రాములు మొదలయ్యేటప్పుడు పరిమితి ఎంతుందో అంతవరకూ ప్రతి ఫైలు నంబరునూ మూసుకుంటూ పోతాయి; కంటైనర్లో ఆ పరిమితి వంద కోట్లు దాటితే సీపీయూ సమయం అక్కడే కరిగిపోతుంది. ‘సెలెక్ట్’ సిస్టమ్ కాల్ వాడే కోడ్ ఆ నంబరు 1024 దాటితే నమ్మదగినది కాదు. అందుకే సిస్టమ్‌డీ, ప్రాసెస్ కోరితే చేరుకోగల హార్డ్ లిమిట్‌ను 5,24,288కి పెంచినా సాఫ్ట్ లిమిట్‌ను కదపలేదు. పరిమితుల జోలికి పోకుండా సర్వర్లే పెంచుదామన్నా చిక్కే. 2020 నవంబర్ 25న అమెజాన్ క్లౌడ్ సర్వీసు కినిసిస్‌లో జరిగింది అదే: ప్రతి సర్వరూ మిగతా ప్రతి సర్వర్ కోసం ఒక థ్రెడ్ పెట్టుకునేది, కొత్త సర్వర్లు చేరగానే అన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్ పరిమితిని దాటేశాయి. అంత ఒత్తిడిలోనూ ఇంజినీర్లు పరీక్షించని అంకెను పెంచలేదు. చేర్చిన సర్వర్లను తీసేసి, మిగతావాటిని విడతలుగా రీస్టార్ట్ చేశారు. సర్వీసు పూర్తిగా కోలుకునేసరికి రాత్రయింది. అయినా ఆ నిర్ణయమే సరైనదని నా నమ్మకం.

కాబట్టి పెంచండి, కానీ కొలిచి పెంచండి. అత్యధిక రద్దీలో ఎంత వాడకం ఉందో చూసి, దానిపై కొంత వెసులుబాటు కలిపి, పరిమితి నిండకముందే మోగే అలారం పెట్టండి. ఆ అంకె ఎందుకు పెట్టారో యూనిట్ ఫైల్లో పక్కనే ఒక వాక్యం రాయండి. కారణం రాయలేకపోతున్నామంటే, ఆ అంకె పెట్టే సమయం ఇంకా రాలేదన్నమాట.