పోటీ, ధర్మం, పల్లె బస్సు

ప్రభుత్వ సంస్థలు ప్రైవేటు సంస్థలతో న్యాయంగా పోటీ చేయాలి అన్న మాట వినగానే మనలో చాలామందికి ఒళ్ళు మండుతుంది. ప్రజల ఆస్తిని కారుచౌకగా కాజేయదలచినవారి నినాదం కదా అది అంటాం. నేనూ చాలాకాలం అలాగే అన్నాను. ఐతే ఒక నినాదం ఎవరి నోట పుట్టిందో చెప్పినంత మాత్రాన అందులోని నిజానిజాలు తేల్చినట్లు కాదు.

ఈ సంగతి నాకు తెలియజెప్పినది ఒక తీర్పు. మా నాగర్‌కర్నూల్ వంటి నిజాం ప్రాంతాలలో ప్రభుత్వ బస్సు పాతదే. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో దానిని ప్రారంభించింది. కృష్ణా జిల్లాలో మాత్రం ప్రైవేటు బస్సులదే రాజ్యం. 1958లో ఏర్పడిన ఆర్టీసీ ఆ దారులను తీసుకోబోగా యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అదే గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు. యజమానుల అభ్యంతరాలను విన్నవాడు రవాణాశాఖ కార్యదర్శి; తీర్పు చెప్పినవాడు ముఖ్యమంత్రి. విన్నవాడొకడు, తేల్చినవాడొకడు, పైగా విన్నవాడు ఆ వ్యవహారం నడిపే శాఖకే అధిపతి. తన వ్యాజ్యానికి తానే న్యాయమూర్తి కారాదని కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. మెజారిటీ తీర్పు రాసినవాడు కోకా సుబ్బారావు.

ఆస్తిహక్కుల పక్షపాతి అని మనం సుబ్బారావును దూరం పెట్టాం. అది అకారణం కాదు. కాని ఆ తీర్పు జాతీయీకరణను నిషేధించలేదు. ముఖ్యమంత్రి తానే స్వయంగా విచారణ జరిపి ఆమోదించిన పథకాన్ని 1959లో అదే కోర్టు నిలబెట్టింది. అంటే న్యాయం పాటించినందువల్ల ప్రభుత్వరంగం కూలిపోలేదు. మరింత గట్టిగా నిలిచింది.

ఇప్పుడు ఆ సూత్రాన్నే తిప్పి చూద్దాం. ఆర్టీసీకి యజమాని ప్రభుత్వం. ఛార్జీలను ఆమోదించేది ప్రభుత్వం. రాయితీలు ప్రకటించేదీ, వాటి బాకీ ఎప్పుడు తీర్చాలో తేల్చేదీ ప్రభుత్వమే. లాభం వచ్చే హైదరాబాదు దారిలో ప్రైవేటు బండి పరుగెత్తుతుంది. అచ్చంపేట దాటి నల్లమల అంచున ఉన్న పల్లెకు, నలుగురే ఎక్కినా, ఆర్టీసీయే పోవాలి. ఈ రెంటి జమాఖర్చులను ఒకే తక్కెడలో వేసి, నష్టం నష్టం అని కేకలు పెట్టడమేనా న్యాయమైన పోటీ? 2019లో కార్మికులు 52 రోజులు సమ్మె చేసిన కాలంలో ఆ కేకే వినబడింది. 5,100 దారులను ప్రైవేటుకు ఇవ్వాలని నవంబరు 2న మంత్రివర్గం తీర్మానించింది. తరువాత ఆ తీర్మానం అమలు కాలేదు. కాని ఆ తీర్మానానికి దారితీసిన లెక్క ఇంకా మన మధ్యనే ఉన్నది.

2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. కండక్టరు ఇచ్చే జీరో టికెట్టును కొందరు హేళన చేస్తారు. నాకది ఎంతో విలువైన పత్రంగా తోస్తుంది. ప్రభుత్వం ఈ సంస్థకు బాకీ పడినదని చెప్పే సాక్ష్యం అది. మరి విద్యార్థి పాసుకూ, పల్లెలో రాత్రి నిలిచే బస్సుకూ ఇలాంటి సాక్ష్యం ఎందుకుండరాదు?

ఐరోపా న్యాయస్థానం 2003లో ఆల్ట్‌మార్క్ అనే జర్మన్ బస్సు సంస్థ కేసులో ఇటువంటి ప్రశ్నకే జవాబు చెప్పింది. ప్రజాసేవా బాధ్యత ఏమిటో స్పష్టంగా రాయాలి. పరిహారం లెక్క ముందే నిర్ణయించాలి. అది ఖర్చునూ, న్యాయమైన లాభాన్నీ మించరాదు. సేవ టెండరు ద్వారా అప్పగించనప్పుడు, సమర్థంగా నడిచే సంస్థ ఖర్చునే కొలతగా తీసుకోవాలి. అప్పుడది అక్రమ సహాయం కాదు.

చివరి షరతు మనకు రుచించకపోవచ్చు. సేవ పేరిట అసమర్థతను దాచే హక్కు ప్రభుత్వ సంస్థకు లేదని అది చెబుతుంది. నేను దానిని అంగీకరిస్తాను. న్యాయమైన పోటీ అన్న మాటను ప్రత్యర్థికి వదిలిపెట్టి మనం చాలా నష్టపోయాం. సేవకు వేరు పద్దు, వ్యాపారానికి వేరు పద్దు, లెక్క తేల్చడానికి యజమాని కాని మూడవవాడు: ఈ మూడింటినీ అడగవలసినవారం మనమే. అడగకపోతే పల్లెకు పోయే బస్సు ఆగిపోతుంది. అది ఆగిననాడు న్యాయమైన పోటీలోనే ఓడిందని లోకం చెప్పుకుంటుంది.