కనుమ దాటిన రైలుదారి: ఒక చరిత్రకథనముపై విమర్శ

రైలుమార్గముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా ధనమిచ్చిన ప్రభువును, కొండ తొలిచిన ఇంజనీరును స్తుతించి, మొదటి బండి కదలిన దినమును వర్ణించి విరమింతురు. కొల్లము–సెంగోట్టై మార్గమును గూర్చిన కథనములలో పెక్కు ఈ మూసలోనివే. 1904వ సంవత్సరమున రైలు పడమటి కనుమలను దాటినది. మదరాసు రాజధానియు తిరువాన్కూరు సంస్థానమును కలసినవి. నడుమనున్న హద్దు చెరిగినది. ఇంతటితో కథ ముగియును. వినుటకు ఇంపుగానే యున్నది. కాని రైలు హద్దును చెరిపినదను మాట ఎంతవరకు నిజము? ఈ ప్రశ్న రాజపాళయము తెలుగువారు అడుగదగినదే. ఆ కనుమకు పోవు దారి మన ఊరి మీదుగానే సాగుచున్నది. హద్దులు గీచినవారి గీతకు ఇవతల మిగిలినవారి అనుభవము కూడ మనకు కలదు.

ముందుగా నిర్వివాదమైన విషయములు చెప్పెదము. తిరునెల్వేలి నుండి వచ్చిన మీటరు గేజి దారి 1903లో సెంగోట్టై చేరినది. 1904 నవంబరులో కనుమభాగము తెరువబడి, సముద్రతీరమందలి కొల్లముతో సంబంధము ఏర్పడినది. సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ, తిరువాన్కూరు సంస్థానము, మదరాసు ప్రభుత్వము కలసి చేసిన కార్యమిది. తిరువాన్కూరులో అడుగిడిన మొదటి రైలు ఇదే. పునలూరు, సెంగోట్టైల నడుమ ఇంచుమించు 49 కిలోమీటర్లలో సొరంగములు, ఎత్తైన వంతెనలు, కళుతురుట్టి చేరువనున్న పదమూడు కమానుల వంతెన నేటికిని చూపరులను ఆశ్చర్యపరచును. ఆ నిర్మాణకౌశలమును పొగడుటలో కథకుల తప్పు లేదు. తప్పు వారు విడిచిన విషయములలో ఉన్నది.

మొదట విడిచినది రైలుకు ముందటి కథ. 1865లోనే బ్రిటిషు ప్రభుత్వము తిరువాన్కూరు, కొచ్చిను సంస్థానములతో వర్తకపు ఒడంబడిక చేసికొని, పెక్కు సరకులపై సరిహద్దు సుంకములను తొలగించినది. 1877లో పునలూరు వద్ద కల్లడ నదిపై వ్రేలాడు వంతెన వెలసినది. అడుగడుగున ఠాణా వద్ద మూటలు దింపి, సుంకము చెల్లించి, మరల ఎత్తుకొనవలసిన దారికి కొండలు తొలుచునంతటి ఖర్చు పెట్టుటకు ఎవరు సాహసింతురు? కావున హద్దును మొదట సడలించినది కాగితము. ఇనుము దాని వెనుక వచ్చినది. ఈ క్రమమును తారుమారు చేసి, సర్వమును పొగబండి మహిమగా చెప్పుట చరిత్ర కాదు.

రెండవది, నడుమనున్న ఊళ్లు. కథనములకు కొల్లము ఒక కొస, మదరాసు ఒక కొస. తక్కినదంతయు కిటికీలో కనుపించి మాయమగు దృశ్యము. మొదట మదురై నుండి కనుమకు పోవు బండి మణియాచ్చి, తిరునెల్వేలి చుట్టి పోవలసియుండెను. 1927లో విరుదునగరము నుండి శివకాశి, శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయము, శంకరన్‌కోవిల్ మీదుగా తెన్‌కాశికి దారి వేయబడినది. అప్పటినుండి మదరాసు–తిరువనంతపురముల దగ్గరిదారి మన స్టేషను మీదుగానే నడచినది. 1958లో కొట్టాయము–కొల్లము మార్గము పూర్తియగువరకు, తిరువనంతపురమునకు బయటి సీమలతో రైలుసంబంధము సెంగోట్టై కనుమ ఒక్కటియే. 1936లో పి.ఏ.సి. రామసామి రాజా గారు రాజపాళయము మిల్లును స్థాపించిరి. పత్తి దిగుటకు, నూలు పోవుటకు పట్టాలున్న ఊరిలో ఆ మిల్లు వెలసినదని గుర్తింపక, రైలు చరిత్రను కొసల చరిత్రగా వ్రాయుట న్యాయమా?

మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఈ కథనములు హద్దును కొండవలె కదలనిదిగా భావించును. 1904లో సెంగోట్టై తిరువాన్కూరులోనిది. అనగా బండి తెన్‌కాశి విడిచిన కొద్దిసేపటికే, ఇంకను మైదానములోనే, పరరాజ్యము ప్రవేశించెడిది. 1956 నవంబరు 1న సెంగోట్టై తాలూకాలో అధికభాగము మదరాసు రాష్ట్రమున చేరినది. హద్దు పడమరగా జరిగి కొండలకెక్కినది. పట్టాల క్రింది దుంగ ఒక్కటియు కదలలేదు.

రాజ్యపు హద్దు జరిగిన తరువాత మరియొక హద్దు పుట్టినది. 1976లో ఎర్నాకులము–తిరువనంతపురము మార్గము బ్రాడ్ గేజిగా మారగా, మీటరు గేజి బండి కొల్లములో ఆగవలసివచ్చినది. 2004లో విరుదునగరము–సెంగోట్టై దారియు మారినందున తూర్పున సెంగోట్టైలోను అదే గతి పట్టినది. 2010 సెప్టెంబరులో కనుమభాగము గేజి మార్పుకై మూయబడి 2018లో గాని తెరువబడలేదు. మార్పు అవసరమే, కొండపని కష్టమే. అయినను, ఒక రాజును ఒక కంపెనీయు రెండు ప్రభుత్వముల నడుమ నడపిన బండి, ఒకే దేశములో, ఒకే రైల్వే యాజమాన్యములో ఏడేండ్లకు పైగా నిలిచిపోయినదను సత్యమును ఏ కథనమును దాటవేయరాదు. దారిని కలిపి ఉంచునది పటము మీది గీత లేకపోవుట కాదు. ఇరువైపులవారికి ఆ దారి తమకు కావలెనను పట్టుదల.

ఈ మాట మన భాషకును చెల్లును. 1949లో ఆంధ్రరాష్ట్ర విభజనకై ఏర్పడిన సంఘమునకు అధ్యక్షుడు, అప్పటి మదరాసు ముఖ్యమంత్రి, మన ఊరి కుమారస్వామి రాజా గారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆయన జన్మించిన ఊరు గీతకు ఇవతలనే నిలిచినది. విజయనగర ప్రభువుల కాలమున దక్షిణమునకు తరలివచ్చినవారి సంతతికి అందులో ఆశ్చర్యపడవలసినది లేదు. ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళము పలుకుచు మనము ఆ హద్దును దినమునకు పదిమార్లు దాటుచునే ఉన్నాము. దాటుట మానిననాడు భాష మూతపడిన కనుమవలె అగును; మరల తెరచుట ఎంత కష్టమో పైన చూచితిమి.

కాబట్టి మేము కోరునది మరియొక స్తోత్రము కాదు. ఈ మార్గమునకు నిండైన చరిత్ర కావలెను. అందులో ఒడంబడికలు, గేజి మార్పులు, మూతపడిన ఏండ్లు ఉండవలెను. స్టేషనులో పత్తి బేళ్లు మోసిన కూలీలు, ఆ బండిలో కొండ కావలికి వ్యాపారమునకు, చదువునకు పోయినవారు కూడ ఉండవలెను. తమిళములోను మలయాళములోను అట్టి గ్రంథము వచ్చిన సంతోషమే. కాని మీటరు గేజి బండిలో కనుమ దాటిన పెద్దలు నేటికిని మన ఇండ్లలో ఉన్నారు; వారి జ్ఞాపకములు తెలుగులోనే ఉన్నవి. వానిని అడిగి వ్రాసికొనుట మన సంఘమునకు తగిన పని. అది ఈ ఏడే మొదలుకావలెను.