కోట ఎవరిది?

మాది మానేరు ఒడ్డునున్న తంగళ్ళపల్లి. సిరిసిల్లను ఒరుసుకుని మానేరు కిందికి పారుతుంది. దాని వెంట పోతే కరీంనగర్ చేరకముందే ఎలగందుల గుట్ట, దాని మీద కోట కనిపిస్తాయి. చిన్నప్పుడు ఆ కోట కథలు నేను రెండు భాషల్లో విన్నాను. రెండు వేరువేరు కోటలనే అనుకున్నాను.

ఇంట్లో దాదీ ఉర్దూలో చెప్పేది. నవాబు జఫరుద్దౌలా దో మినార్ కట్టించాడట. ఒక మినార్‌ను ఊపితే రెండోదీ ఊగుతుందట. బడిలో దోస్తులు తెలుగులో చెప్పేవాళ్లు. కోట కాకతీయులదట. కందకం నిండా మొసళ్లట. లోపలి సొరంగం మానకొండూరు దాకా పోతుందట. దాదీ కథలో నీలకంఠస్వామి గుడి లేదు. దోస్తుల కథలో మసీదు లేదు. కోటలో మాత్రం రెండూ ఉన్నాయి.

ఈ కథలు అబద్ధాలని నా ఫిర్యాదు కాదు. ఏం చెప్పకుండా దాటేస్తున్నాయన్నదే నా ప్రశ్న. కాకతీయులు, బహమనీలు, కుతుబ్ షాహీలు, మొగలులు, అసఫ్ జాహీలు ఒకరి తర్వాత ఒకరు ఆ కోటను ఏలారు. మినార్లు 1754 నాటివి. కరీంనగర్‌కు ఆ పేరు ఎలగందుల కిలేదారు సయ్యద్ కరీముద్దీన్ వల్ల వచ్చింది. 1905లో జిల్లా పేరు కూడా ఎలగందుల పోయి కరీంనగర్ అయింది. ఇంత పొడుగు చరిత్రను మనం రెండు మాటలకు కుదించాం. 'మేం కట్టినం, తురకోళ్లు గుంజుకున్నరు' అన్నది ఒకటి. 'మేం ఏలినం' అన్నది మరొకటి.

మొదటి మాట నన్ను పరాయివాణ్ణి చేస్తుంది. రెండోది నవాబును చేస్తుంది. టాంగా తోలి పిల్లలను సాకిన మా దాదా ఈ రెంటిలో ఎక్కడున్నాడు? 1948లో నిజాం రాజ్యం పోయిననాడు ఏ కోట తాళంచెవీ ఆయన చేతిలో లేదు. లెక్క మాత్రం ఆయన్నే అడిగారు. 1992 డిసెంబర్ 6 తర్వాత ఏ పాత గోడ కనిపించినా 'ముందు ఇక్కడ ఏముండె?' అని అడుగుతున్నారు. ఇప్పుడు ఆ లెక్క నన్ను అడుగుతున్నారు. 'మేం ఏలినం' అని మురిసిపోయే మనవాళ్లు ఆ అడిగేవాళ్ల చేతికే కర్ర అందిస్తున్నారని ఎందుకు గ్రహించరు?

సెక్యులర్ మిత్రులకు ఊగే మినార్ల కథంటే ఇష్టం. హిందూ ముస్లిం సఖ్యతకు అదే గుర్తంటారు. మాట బాగుంది. కానీ రెండు మినార్లూ మసీదువే కదా! అహ్మదాబాద్‌లో సీదీ బషీర్ మసీదు మినార్లకూ ఇదే పేరుంది. ఒకే కట్టడంలో భాగాలు కాబట్టి ఒకదాని కదలిక రెండోదానికి చేరుతుంది. మనుషుల మధ్య అలాంటి పునాది ఏదో చూపించకుండా సఖ్యత గురించి ఎంత మాట్లాడినా అది వేదిక మీది మాటే అవుతుంది.

ఆ పునాది నాకు కథలు వదిలేసిన చోట కనిపిస్తుంది. రాయి కొట్టినవాళ్లు, సున్నం నూరినవాళ్లు, గుట్ట మీదికి బరువులు మోసినవాళ్లు నేను విన్న ఏ కథలోనూ లేరు. కిలేదారు పేరు ఊరికి దక్కింది. మోసినవాళ్ల పేరు సందుకైనా దక్కలేదు. మా దాదాకు చుట్టరికం వాళ్లతోనే గాని నవాబుతో కాదు. మా దోస్తుల తాతలకూ అంతే.

ఇప్పుడు నా కొడుక్కి రెండు కథలూ చెబుతున్నాను. మొన్న వాడు అడిగాడు: "అబ్బా, గంత పెద్ద రాళ్లు పైకి ఎవరు మోసిన్రు?"

ఉర్దూలో వెతికాను, తెలుగులో వెతికాను. జవాబు దొరకలేదు. ఆ కథ మనమే రాయాలి.